కొంగు ముడి నుంచి నడుము సంచి దాకా



ఈ పుస్తకం ముందు పేజీల్లో మన పొదుపు ఎంత, తీసుకున్న అప్పు ఎంత, తిరిగి కట్టింది ఎంత అన్న లెక్కలన్నీ ఉన్నాయి. ఆ డబ్బు బ్యాంకు దాకా ఎట్లా చేరిందన్నది మాత్రం ఏ లెక్కలోనూ ఉండదు. ఎవరో ఒక అక్క దాన్ని ఇంటి నుంచి మోసుకుని, బస్సెక్కి, దిగి, నడిచి, బ్యాంకు కౌంటర్ దగ్గర లెక్కపెట్టి ఇచ్చింది కాబట్టే ఆ అంకె పుస్తకంలోకి ఎక్కింది. దారి పొడుగునా ఆ అక్క డబ్బు ఎక్కడ పెట్టుకుంది? కొంగులోనా, జాకెట్లోనా, చేతిసంచిలోనా? ఈసారి నివేదికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని అడిగినప్పుడు, రాజుల కథ కాకుండా ఈ సంగతే రాయాలనిపించింది.

దానికి ఒక కారణం ఉంది. సిగ్గుపడి చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పుకోలేదు.

మా గ్రూపు పెట్టిన కొత్తల్లో నేను రెండో లీడర్‌ని. ఆ నెల పొదుపు బ్యాంకులో కట్టే వంతు నాది. చంకలో చంటిబిడ్డ. ముంజేతికి పాసుపుస్తకాల సంచి. డబ్బు కొంగున ముడేసి నడుములో దోపుకున్నా. బస్సులో నిలబడే చోటు కూడా లేదు. ఒక చెయ్యి బిడ్డకు, ఒక చెయ్యి పైన కమ్మీకి. కొంగు చూసుకోవడానికి మూడో చెయ్యి ఎక్కడినుంచి వస్తుంది? బ్యాంకు మెట్ల మీద చూసుకుంటే ముడి ఊడిపోయి ఉంది. ఎవరన్నా విప్పారో, తోపులాటలో దానంతట అదే జారిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

గ్రూపులో ఎవరూ నన్ను దొంగ అనలేదు. కానీ ఆ వారం మీటింగులో నా పక్కన చాప మీద చోటున్నా ఎవరూ కూర్చోలేదు. "ముడి గట్టిగా వేసుకోవాలి గదమ్మా" అన్న ఒక్క మాట చాలా రోజులు చెవుల్లో మోగింది. కూలి డబ్బుల్లోంచి నెలనెలా కొంచెం కట్టి ఆ బాకీ తీర్చా. చివరి కంతు కట్టిన రోజు మా గ్రూపులో పెద్దామె ఒకావిడ, మేమంతా పెద్దమ్మా అని పిలిచేవాళ్ళం, తన రొండిన ఉన్న వక్కాకు సంచి తీసి, లోపలి ఆకులూ వక్కలూ దులిపి నా చేతిలో పెట్టింది. "కొంగు కప్పుకోవడానికే పిల్లా. దాచుకోవడానికి ఇది" అంది.

ఆ సంచి ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఈ వ్యాసం ఆ సంచి పుట్టుపూర్వోత్తరాలే అనుకోండి.

మన మాటల్లోనే దాగిన సంచులు

చీరకు జేబు లేదు. కుట్టు లేని బట్ట కాబట్టి జేబు పెట్టడానికి చోటు లేదు. అందుకే మన ఆడవాళ్ళు ఆ బట్టనే సంచి చేసుకున్నారు. చిల్లర కొంగున ముడేస్తే కొంగే పర్సు. అడిగిందల్లా ఇచ్చే దేవుణ్ణి ఇప్పటికీ "కొంగుబంగారం" అంటాం. ఎక్కడో పెట్టెలో ఉన్న బంగారం కాదు, మన చేతికందే చోట, మన ముడిలో ఉన్న బంగారం. ఆ ఒక్క మాటలోనే ఆడదాని సొమ్ము ఎక్కడుంటే ధైర్యంగా ఉంటుందో మన వాళ్ళు చెప్పేశారు.

ఒడి కూడా సంచే. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డకు ఒడిబియ్యం పోసి పంపుతారు. పత్తి చేలో దిగేటప్పుడు నడుముకు గుడ్డ కట్టి, దాన్ని ఒడిలా మడిచి, రెండు చేతులా పత్తి తీసి అందులో వేస్తాం. చేతిలో బుట్ట పట్టుకుంటే ఒక్క చేత్తోనే ఏరాలి, సగం కూలే వస్తుంది. చేతులు ఖాళీగా ఉంచే సంచి అంటే ఈ రోజుల్లో ఏదో కొత్త ఫ్యాషన్ అనుకుంటున్నారు గానీ, పత్తి ఏరే ప్రతి ఆడకూలీ నడుముకూ అది ఎప్పటినుంచో ఉంది.

రొండి అంటే నడుము పక్క భాగం. పెద్ద కుటుంబాల్లో అత్తగారి రొండిన తాళాల గుత్తి వేలాడేది. ఆ గుత్తి ఎవరి నడుముకు ఉంటే ఇంట్లో మాట వాళ్ళది. కోడలి చేతికి గుత్తి వచ్చిందంటే పెత్తనం మారినట్టే. వస్తువు చిన్నదే. దాన్ని ఒంటి మీద పెట్టుకునే హక్కు ఎవరిదన్నది మాత్రం పెద్ద సంగతి.

మగవాళ్ళ పనుల్లోనూ ఇట్లాంటివి ఉన్నాయి. బాణాలు వీపున పెట్టుకునేది అమ్ములపొది. కత్తెర, కత్తి, అద్దం చుట్టి తీసుకుపోయేది మంగలి పొది. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు కత్తులనూ, కల్లు లొట్టినీ నడుముకే కట్టుకుంటాడు. చెట్టెక్కే మనిషికి రెండు చేతులూ చెట్టు మీదే ఉండాలి మరి.

ఇక వక్కాకు సంచి. తాంబూలపు సంచిని పాత తెలుగులో అడపం అనేవాళ్ళు. రాజుల ఇళ్ళలో దాన్ని పట్టుకుని వెంట ఉండే స్త్రీని అడపకత్తె అన్నారు. రాజుగారి అడపం మోయడానికి ఒక మనిషి ఉండేది. మన పెద్దమ్మలు మాత్రం తమ అడపాన్ని తమ నడుముకే కట్టుకుని కలుపు తీశారు, నాట్లు వేశారు. తమిళనాడులో దీన్నే సురుక్కుపై అంటారు. నోటి దగ్గర తాడు రెండు వైపులా లాగితే ముడుచుకుని మూసుకుంటుంది కాబట్టి ఆ పేరు.

మా పెద్దమ్మ ఇచ్చిన సంచి విప్పి చూస్తే గుడ్డ మీద గుడ్డ వేసి కుట్టిన అరలు కనిపిస్తాయి. ఆకులకు ఒకటి, వక్కలకు ఒకటి, సున్నం డబ్బీకి ఒకటి, అన్నిటికన్నా లోపల చిల్లరకు ఒకటి. చేయి పెడితే చూడకుండానే ఏది ఎక్కడుందో తెలుస్తుంది. ఎదుటివాళ్ళకు పైనున్న ఆకులే కనిపిస్తాయి, డబ్బు కనిపించదు.

లంబాడీ ఆడవాళ్ళ సంచుల సంగతి కూడా చెప్పాలి. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన వాళ్ళు వాళ్ళు. మొఘల్ సైన్యాలకు కూడా ధాన్యం చేరవేశారు. ఏడాదిలో ఎక్కువ భాగం దారిలోనే గడిచే బతుకులో సంచే పెట్టె, సంచే అలమర. అందుకే ఆ సంచుల మీద అద్దాలు, గవ్వలు, రంగురంగుల దారాలతో అంత ఓపికగా కుట్టుపని చేశారు. కర్ణాటకలోని సండూరు లంబాడీ కుట్టుపనికి ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఐదు వేల ఏళ్ళ నాటి నడుము సంచి

మన పాత సంచులు చాలావరకు చిరిగిపోయి, మట్టిలో కలిసిపోయాయి. వాడిన సంచిని మ్యూజియంలో దాచాలని ఎవరికి తోస్తుంది? కొన్ని దేశాల్లో మాత్రం అనుకోకుండా కొన్ని మిగిలాయి. ఆ కథలు మనవి కాకపోయినా మనకు పనికొస్తాయి.

1991 సెప్టెంబరు 19న ఇటలీ, ఆస్ట్రియా సరిహద్దులో ఉన్న ఆల్ప్స్ కొండల మీద నడుస్తున్న ఇద్దరికి మంచులో ఒక మనిషి శవం కనిపించింది. ఈ మధ్య చనిపోయినవాడే అనుకున్నారు. పరీక్షిస్తే సుమారు 5,300 ఏళ్ళ నాటి మనిషని తేలింది. ఇప్పుడు అతన్ని ఓట్జీ అని పిలుస్తున్నారు. అతని నడుము తోలు పట్టీకి ఒక చిన్న సంచి కుట్టి ఉంది. అందులో చెకుముకి రాతితో చేసిన చిన్న పనిముట్లు, బెజ్జాలు వేసే ఎముక సూది, నిప్పు రాజేయడానికి వాడే ఎండు పుట్టగొడుగు ఉన్నాయి.

మన పాతకాలపు తాతలు కూడా చుట్ట వెలిగించుకోవడానికి చెకుముకి రాయి, దూది దగ్గర పెట్టుకునేవాళ్ళు. కొండల్లో తిరిగే ఆ మనిషి చేతుల్లో విల్లు ఉండాలి, గొడ్డలి ఉండాలి. అందుకని చిన్న వస్తువులు నడుముకు చేరాయి. ఐదు వేల ఏళ్ళ నాడైనా నేడైనా, దారిలో ఉన్న మనిషికి అవసరం ఒకటే.

ఇంగ్లండు ఆడవాళ్ళ లోసంచి

నాకు బాగా నచ్చిన కథ ఇంగ్లండుది. అక్కడ 17వ శతాబ్దం నుంచి మగవాళ్ళ కోట్లకు, లాగులకు జేబులు కుట్టడం మామూలైంది. ఆడవాళ్ళ బట్టలకు మాత్రం కుట్టలేదు. అప్పుడు వాళ్ళు తమ జేబును తామే కుట్టుకున్నారు.

అది పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే గుడ్డ సంచి. ముందు భాగంలో చేయి పట్టేటంత నిలువు చీలిక. పైన పొడుగు నాడా. దాన్ని నడుముకు కట్టుకుని, దాని మీద పావడాలు, గౌను వేసుకునేవాళ్ళు. పైబట్టలకు పక్కన చీలికలు ఉండేవి కాబట్టి నిలబడే చోట నిలబడి చేయి లోపలికి పెట్టి కావలసింది తీసుకోవచ్చు. చాలామంది రెండు సంచులు కట్టుకునేవాళ్ళు, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. ధనవంతురాలి సంచికి పూల కుట్టుపని ఉండేది. పనిమనిషి సంచి పాత బట్టల ముక్కలు అతికి కుట్టింది. కానీ ఇద్దరికీ సంచి ఉండేది.

ఆ కాలంలో మన మచిలీపట్నం తీరం నుంచి కలంకారీ అద్దకం బట్టలు ఓడల్లో యూరప్ వెళ్ళేవి. అక్కడి ఆడవాళ్ళు వాటిని ఎంత ఇష్టపడ్డారంటే, తమ నేతగాళ్ళ బతుకు పోతోందని ఇంగ్లండు ప్రభుత్వం 1721లో అద్దకపు నూలు బట్టలు కట్టుకోవడాన్నే నిషేధించింది. 1774 దాకా ఆ నిషేధం ఎత్తలేదు.

ఆ సంచుల్లో ఏముండేవో ఎట్లా తెలుసు? లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టు పాత రికార్డుల వల్ల తెలుసు. దొంగలు సందు చూసి నాడా కోసి సంచి లాక్కుపోయేవాళ్ళు. పోగొట్టుకున్న ఆడవాళ్ళు కోర్టుకు వచ్చి, అది నా సంచే, అందులో ఇవి ఉన్నాయి అని చెప్పేవాళ్ళు. నాణేలు, తాళాలు, కత్తెర, వేలికి పెట్టుకునే కుట్టు తొడుగు, ఉత్తరాలు, తినడానికి దాచుకున్న ముక్క. మన పిల్లలు బడిలో నేర్చుకునే ఇంగ్లీషు పాటల్లో లూసీ లాకెట్ అనే అమ్మాయి పాకెట్ పోగొట్టుకునే పాట ఒకటి ఉంది. జేబు ఎట్లా పోతుందని అడిగితే జవాబు ఇదే. అది బట్టకు కుట్టిన జేబు కాదు, నాడాతో కట్టుకున్న సంచి. నాడా ఊడితే పోతుంది, నా కొంగు ముడి పోయినట్టే.

బార్బరా బర్మన్, అరియాన్ ఫెనెటో అనే ఇద్దరు చరిత్రకారిణులు ఈ సంచుల మీద పరిశోధన చేసి 2019లో ఒక పెద్ద పుస్తకమే రాశారు. 1660 నుంచి 1900 దాకా ఆడవాళ్ళ బతుకును వాళ్ళు ఈ సంచి లోపలి నుంచి చూశారు. ఎందుకంటే అప్పటి ఇంగ్లండు చట్టం ప్రకారం పెళ్ళయిన ఆడదాని చేతిలోని డబ్బు, ఆమె సంపాదించిన కూలి కూడా భర్తదే. ఇల్లు ఆమెది కాదు, పెట్టె ఆమెది కాదు. ఎవరినీ అడగకుండా చేయి పెట్టగలిగిన చోటు నడుముకున్న ఆ సంచి ఒక్కటే. పెళ్ళయిన ఆడవాళ్ళ సంపాదన వాళ్ళదేనని 1870లో చట్టం వచ్చింది. ఆస్తి అంతటికీ ఆ హక్కు 1882లో వచ్చింది. అంటే సంచి ముందు వచ్చింది, చట్టం చాలా వెనక వచ్చింది.

మన దగ్గరా అంతే. కొంగు ముడి ఎంత పాతదో చెప్పలేం. హిందూ స్త్రీకి చేరిన ఆస్తి పూర్తిగా ఆమెదేనని వారసత్వ చట్టం చెప్పింది 1956లో. పెళ్ళికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా అని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం చేసింది. 2005లో దేశమంతటా ఆడపిల్లలకు ఆ హక్కు వచ్చింది.

సంచి చేతిలోకి వచ్చింది

1790ల నాటికి యూరప్‌లో ఆడవాళ్ళ గౌన్లు సన్నబడ్డాయి. ఒంటికి అంటుకుని జారే పల్చటి బట్ట వచ్చింది. దాని కింద లోసంచి కట్టుకుంటే ఎత్తుగా కనిపిస్తుంది, అందం పోతుందన్నారు. దాంతో ఫ్యాషన్ తెలిసినవాళ్ళు సంచిని నడుము నుంచి తీసి చేతికి తగిలించుకున్నారు. తాడుతో మూసే ఆ చిన్న చేతిసంచి పేరు రెటిక్యూల్. జనం దాన్ని వెక్కిరిస్తూ రిడిక్యూల్ అనేవాళ్ళు, అంటే ఎగతాళి అని. ఇప్పుడు మనం హ్యాండ్‌బ్యాగ్ అంటున్నది ఆ దారిలో వచ్చిందే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. సంచి నడుముకున్నంత కాలం ఆడదానికి రెండు చేతులు. చేతిలోకి వచ్చాక ఒక్క చెయ్యే. పని చేయించే మనుషులున్న ఇంటావిడకు ఒక చెయ్యి చాలు. పాలు పితికేవాళ్ళకు, సంతలో కూరగాయలు అమ్మేవాళ్ళకు చాలదు. అందుకే పనిచేసే ఆడవాళ్ళు లోసంచిని వెంటనే వదల్లేదు. ఫ్యాషన్ మారాక కూడా చాలా ఏళ్ళు కట్టుకున్నారు.

మళ్ళీ భుజానికి, నడుముకు

ఆడవాళ్ళు పనికి బయటికి వచ్చిన ప్రతిసారీ సంచి చేతిలోంచి మళ్ళీ ఒంటి మీదికి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం 1942లో ఆడవాళ్ళ విభాగం పెట్టింది. వాళ్ళ యూనిఫాంతో పాటు భుజాన వేసుకునే సంచి ఇచ్చారు. 1955 ఫిబ్రవరిలో పారిస్‌లో కోకో షనెల్ అనే పేరుమోసిన బట్టల వ్యాపారి, భుజానికి వేసుకునే గొలుసు ఉన్న సంచి తెచ్చింది. చేతిలో సంచి పట్టుకుని, ఎక్కడ పెట్టానో మరిచిపోయి విసిగిపోయానని ఆమె బాధ. ఎంత డబ్బున్నవాళ్ళయినా చేతుల ఇబ్బంది మనలాంటిదే.

ఈ మధ్యలో జిప్పు వచ్చింది. అమెరికాలో స్థిరపడ్డ స్వీడన్ ఇంజనీరు గిడియన్ సండ్‌బాక్ 1913లో దానికి ఇప్పటి రూపం ఇచ్చాడు. తాడు ముడి కన్నా జిప్పు గట్టిది, ఒక్క చేత్తో తెరవొచ్చు. 1980లు వచ్చేసరికి నైలాన్ బట్ట, జిప్పు, ప్లాస్టిక్ బకిల్ కలిసి నడుముకు పెట్టుకునే చిన్న సంచి లోకమంతా పాకింది. మన బజార్లలో దాన్ని వెయిస్ట్ పౌచ్ అంటున్నారు. ఒంటి మీదుగా అడ్డంగా వేసుకునేదాన్ని స్లింగ్ బ్యాగ్ అంటున్నారు. పేర్లు కొత్తవి. లోపల ఉన్నది మా పెద్దమ్మ సంచే.

మన కళ్ళముందే ఇంకో సంచి ఉంది. బస్సు కండక్టర్ తోలు సంచి. కదిలే బస్సులో ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో టికెట్. ఆ సంచి భుజాన అడ్డంగా వేలాడుతూ ముందుకు ఉంటుంది, వెనక్కి కాదు. అరలుంటాయి, నోట్లు వేరు, చిల్లర వేరు. ఇప్పుడు ఆడవాళ్ళు కూడా ఆ ఉద్యోగం చేస్తున్నారు. వాళ్ళను చూసినప్పుడల్లా, ఆ రోజు నాకు అట్లాంటి సంచి ఉంటే బాగుండేదే అనుకుంటా.

మన పొదుపు చరిత్రలో సంచి

ఇక మన కథకు వద్దాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత అదే జిల్లాలో రోజుకు ఒక రూపాయి చొప్పున పొదుపులక్ష్మి గ్రూపులు మొదలయ్యాయి. పొదుపు సంఘాలకు బ్యాంకు అప్పులిప్పించే పనిని నాబార్డు మొదలుపెట్టింది కూడా 1992లోనే. అంతకు పదేళ్ళ ముందే డ్వాక్రా వచ్చి ఉంది.

చొక్కా జేబులో ఉన్న రూపాయి సారా దుకాణానికి పోయింది. కొంగున ఉన్న రూపాయి పొదుపుకు వచ్చింది. నేను ఎక్కువ చేసి చెప్పడం లేదు, ఆ రోజులు చూసినవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు, అడగండి.

అయితే దాచిన డబ్బుకు ఒక బలహీనత ఉంది. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు చెల్లవన్నారు. పోపుల డబ్బాలో, బియ్యం కుండలో, చీర మడతల్లో ఏళ్ళ తరబడి దాచుకున్న నోట్లు ఒక్కసారిగా బయటికి తీయాల్సి వచ్చింది. సొంత ఖాతా లేని ఆడవాళ్ళు వాటిని మగవాళ్ళ చేతికే ఇవ్వాల్సి వచ్చింది. కొందరికి తిరిగి వచ్చాయి, కొందరికి "ఇన్నాళ్ళూ దాచావా" అన్న మాటలే వచ్చాయి. సంచి ఎంత గట్టిదైనా మన పేరున పాసుపుస్తకం కూడా ఉండాలని ఆ రోజు అందరికీ అర్థమైంది. సంచి దారికి. ఖాతా దాపుకు. ఒకటుంటే రెండోది అక్కర్లేదు అనుకోవద్దు.

అదే ఏడాది ఏప్రిల్‌లో యూపీఐ వచ్చింది. ఇప్పుడు ఫోనే పర్సు. డబ్బులు, ఓటీపీ, ఆధార్ ఫోటో, మీటింగు మెసేజీలు అన్నీ అందులోనే. ఈ ఫోను కొంగున ముడేయలేం. జాకెట్లో పట్టదు, పట్టినా చెమటకు పాడవుతుంది. చేతిలో పట్టుకుంటే మళ్ళీ ఒక చెయ్యి పోయినట్టే. ఇంకో మాట. ఫోను మనదే అయినా పిన్ కొడుక్కో, భర్తకో మాత్రమే తెలిస్తే, సంచి మన నడుముకు ఉండి నాడా వాళ్ళ చేతిలో ఉన్నట్టు. పిన్ మనమే నేర్చుకుందాం, మనమే కొడదాం.

ప్రయాణాలు కూడా పెరిగాయి. తెలంగాణలో మహాలక్ష్మి పథకంతో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకంతో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మనకు ఉచితం. జీరో టికెట్ కావాలంటే గుర్తింపు కార్డు చూపించాలి. నిండిన బస్సులో బిడ్డనెత్తుకుని, సంచి అడుగు నుంచి ఆధార్ కార్డు వెతికి తీయడం ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

కుట్టుమిషన్ దగ్గర కూర్చునే అక్కలకు

2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులను నిషేధించాక, గుడ్డ సంచులు కుట్టే పని మన సంఘాల్లో చాలామందికి వచ్చింది. కుడుతున్నవి ఎక్కువగా చేతిలో పట్టుకునేవే. కూరగాయలకు అవి చాలు. ప్రయాణానికి, బ్యాంకు పనికి మాత్రం నడుముకో, భుజానికో ఉండే సంచి కుట్టుకుందాం. చరిత్ర మనకు చెప్పిన సంగతులు పెట్టుకుంటే మంచి సంచి తయారవుతుంది.

అరలు కావాలని వక్కాకు సంచి చెప్పింది. కార్డుకు ఒకటి, ఫోనుకు ఒకటి, ఒంటివైపు లోపల డబ్బుకు ఒకటి. డబ్బు అరకు జిప్పు తప్పకుండా ఉండాలి.

రెండు సంచులు కట్టుకోవచ్చని ఇంగ్లండు ఆడవాళ్ళు చెప్పారు. మనకు ఇది చాలా ముఖ్యం. గ్రూపు డబ్బు, ఇంటి డబ్బు ఒకే అరలో పెట్టొద్దు. గ్రూపు అర లోపల వేరే రంగు గుడ్డ వేయండి. చేయి పెట్టగానే ఇది నాది కాదు, అందరిదీ అని గుర్తుండాలి.

నాడాను దొంగ కోస్తాడని ఓల్డ్ బెయిలీ రికార్డులు చెప్పాయి. కాబట్టి పట్టీ వెడల్పుగా, రెండు పొరలుగా కుట్టండి. సంచి పైట కింద, ముందువైపు ఉండేటట్టు పొడుగు చూసుకోండి. బకిల్ పగిలితే ఇబ్బంది పడకుండా వెనక ఒక ముడి కూడా వేసుకునేటట్టు నాడా వదలండి.

కుట్టాక పరీక్ష కూడా మనమే పెట్టుకుందాం. కట్టుకుని వంగి చూడండి, బిడ్డనెత్తుకుని చూడండి, ఒక చేయి పైకి లేపి కమ్మీ పట్టుకున్నట్టు నిలబడి, రెండో చేత్తో చూడకుండా కార్డు తీయండి. తీయగలిగితే సంచి పాసైనట్టు. లేకపోతే విప్పి మళ్ళీ కుట్టండి.

ఇంకొక్కటి, ఇది సంచికి సంబంధించింది కాదు. డబ్బు బ్యాంకుకు తీసుకుపోయే పని ఒక్క మనిషి మీద వేయొద్దు. ఇద్దరు వెళ్ళాలి. ఇద్దరి పేర్లూ మినిట్స్ బుక్కులో రాయాలి. దారిలో పోతే గ్రూపు ఏం చేయాలో ముందే తీర్మానం రాసి పెట్టుకోవాలి. అది లేకపోవడం వల్లే నేను చాప మీద ఒంటరిగా కూర్చున్నా. మీలో ఎవరూ అట్లా కూర్చోకూడదు.

పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆమె సంచి బట్ట మడతల దగ్గర చీకిపోయింది, సున్నం మరకలు మాత్రం పోలేదు. పోయిన నెల మీటింగుకు తీసుకుపోయి చూపించా. మా గ్రూపులో చిన్నది, కుట్టుపని నేర్చుకుంటున్న పిల్ల, దాన్ని లోపలికీ బయటికీ తిప్పి అరలు లెక్కపెట్టింది. "ఇన్ని అరలు పెట్టడానికి ఆ కాలంలో ఎవరు నేర్పారు అత్తా?" అని అడిగింది. ఎవరూ నేర్పలేదమ్మా, అవసరం నేర్పింది అన్నా. ఆ పిల్ల కాగితం మీద కొలతలు రాసుకుని ఇంటికి తీసుకుపోయింది. మొదటి సంచి కుట్టి తెచ్చిన రోజు, మా గ్రూపు పొదుపు అందులోనే బ్యాంకుకు వెళుతుంది.